పెట్టెలో ఉన్నది ఉన్నట్టు

యుద్ధశకటాల నమూనాలు చేసేవారిలో రెండు తెగలున్నాయి. పెట్టె విప్పి, అందులోని ముక్కలతోనే, అందులోని సూచనాపత్రం చెప్పిన వరుసలోనే బండిని నిలబెట్టేవారు ఒక తెగ. ఆ ముక్కలు చాలవని వేరేచోట కొన్న ఇత్తడి రేకులు, రెసిన్ పోతలు, లోహపు ఫిరంగిగొట్టాలు తెచ్చి దానిని సంస్కరించేవారు రెండవ తెగ. మొదటివారి పద్ధతికి ఆ లోకంలో 'అవుట్ ఆఫ్ ది బాక్స్' అని వ్యవహారం. నేను ముద్దుగా 'యథాపేటికం' అని పిలుచుకొంటున్నాను. అవ్యయీభావ సమాసమే కనుక వ్యాకరణం తెలిసిన మిత్రులు ఆక్షేపించరనుకొంటాను.

ఛందస్సూ అలంకారాలూ చెప్పుకొని బ్రతికినవాడికి ట్యాంకులతో ఏమి పని అని మీరడగవచ్చు. మా అబ్బాయి విదేశం నుండి తెచ్చి, తీరిక లేక వదిలేసిపోయిన ఒక పెట్టె నా చేతికి చిక్కింది. అంతటితో ఈ వ్యసనం పట్టుకొంది. ప్రతి పెట్టె మీదా 1/35 అని వేసి ఉంటుంది. ముప్పై, నలభై, పోనీ యాభై అనక ఈ ముప్పైయయిదు ఎక్కడినుండి వచ్చిందని వెదకబోతే కథ చాలా దూరం తీసుకువెళ్ళింది.

తక్కిన పరిమాణాలకు కారణాలు సుబోధంగానే ఉన్నాయి. విమానాలకు ప్రసిద్ధమైన 1/72 ను చూడండి. అంగుళానికి ఆరడుగులు, లెక్క తేలిక. ఇంగ్లండులో ఫ్రాగ్ సంస్థ 1936లో ఈ పరిమాణంలోనే సెల్యులోజ్ ఎసిటేట్‌తో విమానాల ముక్కలు పోతపోసి అమ్మింది. ప్లాస్టిక్ కిట్ల వంశవృక్షానికి అదే మూలపురుషుడని చెప్పవచ్చును. 1942లో అమెరికా నౌకాదళం అయిదు లక్షల విమాన నమూనాలు కావాలని బడిపిల్లలను కోరింది. ఆ పిల్లలు చెక్కతో చెక్కి ఇచ్చినవీ 1/72 వే. వాటిని ముప్పై ఏడడుగుల దూరంనుండి చూస్తే నిజమైన విమానం అరమైలు దూరాన ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. ఆకాశంలో వచ్చేది మనదో పరాయిదో గుర్తుపట్టడానికి సైనికులకు ఆ పాఠం అవసరమైంది. ఇక ఎయిర్‌ఫిక్స్ వారు 1961లో చిన్న ట్యాంకులు తెచ్చినప్పుడు 1/76 ను ఎన్నుకొన్నారు. బ్రిటనులో పిల్లలు ఆడుకొనే ఓఓ జాతి బొమ్మరైళ్ళ కొలత అది. ఇలా ఒకదానికి గణితం, ఒకదానికి రైలుబండి ఆధారం. 1/35 కి ఇవేవీ కావు.

జపానులో షిజువోకా అనే నగరముంది. తొకుగావా ఇయెయసు విశ్రాంతజీవితం గడిపిన పట్టణం. అక్కడి సెన్‌గెన్ దేవాలయ నిర్మాణానికి దేశం నలుమూలలనుండి వచ్చిన వడ్రంగులు, లక్కపనివారు అక్కడే స్థిరపడడం వల్ల ఆ ఊరికి కొయ్యపని అలవడిందని చెప్పుకొంటారు. 1946లో యోషియో తమియా ఆ ఊళ్ళోనే ఒక కోతమిల్లు, కలప వ్యాపారం మొదలుపెట్టాడు. ఇళ్ళకు దూలాలు కోయగా మిగిలే కలపతో ఓడలు, విమానాల బొమ్మలు చేసి అమ్మడం ఉపవ్యాపారం. 1951లో అగ్నిప్రమాదంలో కలప తగలబడింది. 1953కల్లా అసలు వ్యాపారం పోయి బొమ్మల వ్యాపారమే మిగిలింది. ఆయన కుమారుడు షున్‌సకు తమియా వసేదా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1958లో తండ్రికి తోడువచ్చాడు. అప్పటికే అమెరికా నుండి వచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు కొయ్యబొమ్మల మార్కెట్టును తినేస్తున్నాయి.

వాళ్ళు చేసిన మొదటి ప్లాస్టిక్ కిట్టు 1960 నాటి యమతో యుద్ధనౌక, 1/800. పోటీదారు అదే నౌకను అంతకు తక్కువ వెలకు తెచ్చి ఉండడంతో తమియావారు కూడా వెల తగ్గించి నష్టపోయారు. ఉక్కు అచ్చు చెక్కించడం సామాన్యమైన ఖర్చు కాదు. ఆ దెబ్బతో కొన్నాళ్ళు మళ్ళీ కొయ్యనే ఆశ్రయించారు.

తరువాత షున్‌సకు చూపు జర్మనుల పాంథర్ ట్యాంకు మీద పడింది. 1943 జులైలో కుర్‌స్క్ యుద్ధంలో మొదటిసారి దిగిన బండి అది. నలభై అయిదు టన్నుల బరువు, డెబ్బై అయిదు మిల్లీమీటర్ల ఫిరంగి. దాని ఉక్కుపలకలు తిన్నగా, వాలుగా ఉంటాయి, వంపులు తక్కువ. అచ్చు చెక్కేవాడికి సులువు. పిల్లలకు నచ్చాలంటే అది నడవాలి. నడవాలంటే మోటారు కావాలి, మోటారుకు బ్యాటరీలు కావాలి. జపానులో అప్పుడు విరివిగా దొరికే మధ్యరకం బ్యాటరీలు రెండు బండి కడుపులో పక్కపక్కన పట్టాలి. ఆ రెండూ ఎంత వెడల్పు కోరాయో అంత వెడల్పు బండి గీశారు. గీసినదాన్ని కొలిస్తే అసలు పాంథర్‌లో ముప్పైయయిదో వంతుకు వచ్చింది.

ఇదీ 1/35 జన్మరహస్యం. ప్రపంచంలో ఎందరో నమూనాకారులు ఈనాడు పాటించే ప్రమాణానికి మూలం రెండు బ్యాటరీలు! మూడు మీటర్ల పైచిలుకు వెడల్పున్న బండి తొమ్మిది, తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు కుదిరింది.

1961 చివర ఆ పాంథర్ దుకాణాలకెక్కింది. పెట్టెమీది బొమ్మ షిగెరు కొమత్సుజకి గీశాడు. పిల్లల పత్రికలలో యుద్ధచిత్రాలు, భవిష్యత్తులోకపు చిత్రాలు వేసి పేరుపొందిన చిత్రకారుడాయన. బండి చక్కగా నడిచింది, సూచనాపత్రం చదివితే అర్థమయింది. ఈ రెండో గుణాన్ని తేలిగ్గా తీసుకోకండి. మాటలు దాదాపు లేకుండా కేవలం చిత్రాల వరుసతో ఏ భాషవాడైనా బండి కట్టగలిగేటట్టు చెప్పడం గొప్ప బోధనాపద్ధతి. ముప్పై ఏళ్ళకు పైగా నల్లబల్ల ముందు నిలబడ్డవాడిగా ఈ మాట అంటున్నాను.

ఆ తరువాత షున్‌సకు అసలు బండ్లను వెదుక్కుంటూ వెళ్ళాడు. 1960లలో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు అబర్డీన్ సైనిక పరీక్షాక్షేత్రంలో ఆరుబయట నిలిపి ఉంచిన ట్యాంకులను చుట్టూ తిరిగి, కిందకు దూరి ఫొటోలు తీసుకొన్నాడు. 1968లో 'మిలిటరీ మినియేచర్స్' వరుస మొదలయింది. ఇందులో మొదటి పెట్టెలో ట్యాంకు లేదు, ట్యాంకు నడిపే జర్మను సిబ్బంది బొమ్మలున్నాయి. అంటే నడిపించి ఆడుకొనే బొమ్మ నుండి బీరువాలో నిలిపి చూసుకొనే బొమ్మకు దారి మళ్ళిందన్నమాట. అమెరికాలో రెవెల్ వారి 1/40, మోనోగ్రామ్ వారి 1/32 వెనుకబడ్డాయి. ఇటలీలో ఇటాలెరి, 1987లో హాంగ్‌కాంగ్‌లో పుట్టిన డ్రాగన్, అందరూ 1/35 బాటే పట్టారు.

మోటారు పోయినా దాని గుర్తులు చాలాకాలం పోలేదు. తొలినాటి తమియా కిట్లు కొన్నింటిని తిరగేసి చూడండి. బండి అడుగున స్విచ్చికోసం, తీగెలకోసం విడిచిన రంధ్రాలుంటాయి. గొలుసుపట్టీల పైభాగంలో మూయవలసిన చోట నేల లేకుండా ఖాళీగా ఉంటుంది. సంస్కర్తలు మొదట చేసేపని ఆ రంధ్రాలు ప్లాస్టిక్ పలకలతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, అవి ఎన్నడూ లేవన్నట్టు చేయడం. యథాపేటికవాది పూడ్చడు. పూడ్చకపోవడమే నాకిష్టం. ఆ రంధ్రం పాంథర్‌కు చెందినది కాదు నిజమే. 1961 నాటి జపాను పిల్లవాడికి చెందినది.

ఇక్కడ మా వృత్తిలోని ఒక సంగతి చెప్పక తప్పదు. బ్రౌను దొర తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులచేత పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించినప్పుడు వచ్చిన చిక్కే ఇది. ఒక ప్రతిలో ఉన్న తప్పు కవిదా, లేఖకుడిదా? లేఖకుడిదైతే దిద్దవచ్చు. కవిదైతే? మోడల్ పోటీలవారు ఈ ప్రశ్నకు చాలా చక్కని ధర్మశాస్త్రం రాసుకొన్నారు. ప్లాస్టిక్ మోడలర్ల అంతర్జాతీయ సంఘం 1963లో బ్రిటనులో పుట్టి, మరుసటేడు అమెరికాకూ పాకింది. అమెరికా శాఖ యథాపేటిక విభాగానికి ఒకప్పుడు ఏర్పరచిన నియమాల సారం ఇది: ముక్కల అతుకులు పూడ్చవచ్చు, అచ్చు వదిలిన మచ్చలు చెరపవచ్చు, ఫిరంగిగొట్టం నోరు తొలవవచ్చు, మందమైన అంచు పలచన చేయవచ్చు, ఏరియల్ తీగె కట్టవచ్చు. బయటి ముక్క చేర్చరాదు, ఉన్నదానిని కోసి స్థానం మార్చరాదు. సూచనాపత్రం న్యాయనిర్ణేతల ముందు పెట్టాలి.

ఎంత సూక్ష్మమైన విభజనో చూడండి. అచ్చంటే రెండు ఉక్కుదిమ్మలు. వాటి నడుమ కుహరంలోనికి కరిగిన పాలిస్టైరీన్ గట్టి ఒత్తిడితో పోతుంది. చల్లారాక దిమ్మలు విడివడి, లోపలి కడ్డీలు ముక్కను బయటికి నెడతాయి. ఆ కడ్డీలు గుండ్రని మచ్చ వదులుతాయి, దిమ్మలు కలిసినచోట సన్నని గీత మిగులుతుంది. ఇవి లేఖకదోషాలు. ఆకురాయితో తీసేయవచ్చు. కానీ బండి రూపకర్త టరెట్ ఎత్తు తప్పుగా గీస్తే అది కవిపాఠం, ముట్టరాదు. 1980లలో బెల్జియంవాడు ఫ్రాన్స్వా వెర్లిండెన్ రెసిన్ ముక్కలూ, అలంకారాలూ అమ్మడం మొదలుపెట్టాక ప్రక్షిప్తాల వరద వచ్చింది. కిట్టు వెలకంటె అదనపు ముక్కల వెల మించిపోయిన సందర్భాలెన్నో. చివరికి తయారైన బండిలో అసలు పెట్టెది ఎంతో, తెచ్చి చేర్చినది ఎంతో చెప్పడం కష్టం. వారి నేర్పును నేను తక్కువ చేయను. వారు వేరే గ్రంథం రాస్తున్నారంతే.

అయితే ఉన్నది ఉన్నట్టు చదువుతానన్నవాడు ఆ పాఠం ఏమి చెప్పడంలేదో కూడా చూడాలి కదా! పెట్టెలో ఉక్కు ఉంది, మేకు ఉంది, పార కూడా ఉంది. లోపల కాలిపోయిన మనుషులు లేరు. అమ్మడానికి చేసిన వస్తువు అలాగే ఉంటుంది. కొన్ని పెట్టెలలో వింత కనిపిస్తుంది. జర్మనీ శిక్షాస్మృతి 86అ సెక్షను నాజీ చిహ్నాల ప్రదర్శనను నిషేధిస్తుంది గనుక, నీటిలో నానవేసి అంటించే కాగితంలో స్వస్తికను ఇవ్వరు, లేదా రెండు మూడు తునకలుగా విడగొట్టి ఇస్తారు. మనకు మంగళచిహ్నమైనది అక్కడ తునకలుగా తప్ప చేరకూడనిదైంది. ఎయిర్‌ఫిక్స్ వారు 1970లలో పెట్టె బొమ్మలమీది బాంబులూ మంటలూ చెరిపించారు. తమియా మిలిటరీ మినియేచర్స్ పెట్టెమీద బండి తెల్లని శూన్యంలో నిలబడి ఉంటుంది; నేల లేదు, పొగ లేదు, శత్రువు లేడు.

షిజువోకాకు ఆ శూన్యంలో లేనివన్నీ తెలుసు. 1945 జూన్ 19 రాత్రి, 20 తెల్లవారుజామున అమెరికా బీ-29 విమానాలు ఆ నగరంపై అగ్నిబాంబులు కురిపించాయి. రెండువేలకు చేరువగా పౌరులు చనిపోయారు. ఆ రాత్రే రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని ఇరవై ముగ్గురు అమెరికా వైమానికులు కూలిపోయారు. ఇతో ఫుకుమత్సు అనే ఆయన తన ఊరివారితోపాటు ఆ శత్రువులనూ ఖననం చేశాడు. శిథిలాలలో దొరికిన, మంటకు నల్లబడ్డ సైనికుడి నీళ్ళసీసా ఒకటి ఆయన దాచాడు. ఆ తరువాతి కాలంలో ఏటా జూన్‌లో సెన్‌గెన్ కొండమీద స్మారకం దగ్గర జపాను, అమెరికా ప్రతినిధులు కలిసి ఆ సీసాతో మద్యం ధారపోసి మృతులకు తర్పణం విడిచే ఆచారం ఏర్పడింది. దేవాలయం కట్టడానికి వడ్రంగులు వచ్చిన కొండ అదే. మరుసటేడు కలపమిల్లు మొదలయిన ఊరూ అదే. ఇళ్ళు కాలిపోయిన ఊరికి కలప ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఓడినవారే ఓడిన మరో దేశపు ట్యాంకును ఆటబొమ్మగా చేసి, గెలిచినవారికి అమ్మడంలో ఏ భావం ఉందని కొందరు నన్నడిగారు. యుద్ధాన్ని ముద్దుచేయడమని ఒకరి అభిప్రాయం. ఆ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు; ఒక్క టైగర్ ట్యాంకుకు ఉన్నన్ని కిట్లు అన్ని దేశాల అంబులెన్సులకూ కలిపి ఉన్నాయో లేదో సందేహమే. కానీ యథాపేటికంగా ఒక బండి కట్టినవాడికి కలిగే మొదటి ఆశ్చర్యం దాని ఇరుకు. ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడవులో ఫిరంగే సగం తినేస్తుంది. అయిదుగురు మనుషులు ఎక్కడ కూర్చొనేవారో, మంట అంటుకొంటే ఏ మూతనుండి ఎవరు ముందు దూకగలిగేవారో వేలితో కొలిచి చూసుకోవచ్చు. పాఠ్యపుస్తకంలోని కుర్‌స్క్ నాకు ఈ సంగతి చెప్పలేదు.

షున్‌సకు తమియా 2025 జులైలో తన తొంభయ్యో ఏట కన్నుమూశాడు. బ్యాటరీల కొలతతో పుట్టిన అంకె ఆయన చేయిదాటి ఎప్పుడో వెళ్ళిపోయింది. చైనాలో మెంగ్, తకోమ్ సంస్థలూ, ఉక్రెయిన్‌లో ఐసీఎం, మినీఆర్ట్ సంస్థలూ ఆ అంకెతోనే ట్యాంకులు తెస్తున్నాయి. చివరి రెండూ కీవ్ నగరంలోనివి. 2022 ఫిబ్రవరిలో నిజమైన ట్యాంకులు ఆ నగరం అంచుదాకా వచ్చాయి. ఆ తరువాత కూడా అక్కడినుండి కొత్త పెట్టెలు వెలువడుతూనే ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రస్తుతం నా బల్లమీద ఉంది, ఇంకా విప్పలేదు.