ఇంటెల్ ఆర్క్ (గ్రాఫిక్స్ ప్రాసెసర్లు)

ఇంటెల్ ఆర్క్ అమెరికా చిప్‌ల సంస్థ ఇంటెల్ 2022లో మార్కెట్లోకి తెచ్చిన గ్రాఫిక్స్ ప్రాసెసర్ల శ్రేణి. విడి గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారం అప్పటికి చాలా ఏళ్లుగా ఎన్‌విడియా, ఏఎండీల చేతుల్లోనే ఉంది. తక్కువ ధరతో ఆ రెండింటి మధ్య చోటు సంపాదించాలన్నది ఇంటెల్ ప్రయత్నం. ఈ చరిత్రలో హైదరాబాద్‌కూ వాటా ఉంది.

ఇంటెల్ 1998లో ఐ740 అనే చిప్‌తో ఈ రంగంలోకి వచ్చి నిలదొక్కుకోలేకపోయింది. లారబీ అనే మరో ప్రయత్నాన్ని కార్డు అమ్మకానికి రాకముందే విరమించుకుంది. 2017 నవంబరులో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగాధిపతి రాజా కోడూరిని తీసుకోవడంతో మళ్లీ కదలిక వచ్చింది. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో, ఆపై ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన కోడూరి, 2016లో 199 డాలర్ల ఆర్‌ఎక్స్ 480 కార్డు విడుదలైనప్పుడు ఆ విభాగానికి సారథి. ఈ గ్రాఫిక్స్ పని కోసమే 2019లో హైదరాబాద్‌కు చెందిన ఇనెడా సిస్టమ్స్ ఇంజనీర్ల బృందాన్ని ఇంటెల్ తనలో కలుపుకుంది. ఒంటికి ధరించే పరికరాల కోసం చిప్‌లు రూపొందించిన బృందం అది. అదే ఏడాది డిసెంబరులో ఇంటెల్ ఆ నగరంలో కొత్త డిజైన్ కేంద్రాన్ని తెరిచింది.

'ఆర్క్' పేరు 2021 ఆగస్టులో వెలువడింది. తొలి తరం ఆల్కెమిస్ట్ చిప్‌లను ఇంటెల్ సొంత ఫ్యాక్టరీల్లో కాక తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ చేత తయారు చేయించింది. చిన్న కార్డు ఏ380 2022 జూన్‌లో మొదట చైనాలో వచ్చింది. ఏ750 (289 డాలర్లు), ఏ770 (329 డాలర్ల నుంచి) అక్టోబరు 12న అమ్మకానికి వచ్చాయి.

అసలు చిక్కు డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) దగ్గర వచ్చింది. పాత కంప్యూటర్ ఆటలు చాలావరకు డైరెక్ట్‌ఎక్స్ 9 ఆదేశాలతో నడుస్తాయి. మొదట్లో ఆర్క్ ఆ ఆదేశాలను నేరుగా అందుకునేది కాదు. ప్రతిదాన్నీ డైరెక్ట్‌ఎక్స్ 12లోకి మార్చుకోవాల్సి వచ్చేది. దాంతో కొత్త ఆటను సాఫీగా ఆడించే కార్డే పదేళ్ల నాటి ఆట దగ్గర తడబడేది. పైగా కార్డు మెమరీ మొత్తాన్నీ సీపీయూ ఒకేసారి చేరుకోనిచ్చే రీసైజబుల్ బార్ అనే సెట్టింగ్ బయోస్‌లో ఆన్‌లో లేకపోతే వేగం బాగా పడిపోయేది. పాత మదర్‌బోర్డులు చాలావాటిలో ఆ సెట్టింగే ఉండదు. చవక కార్డు కొనేవారి దగ్గర తరచూ ఉండేవి పాత మెషీన్లు, పాత ఆటలే కనుక దెబ్బ సరిగ్గా వారికే తగిలింది.

2022 డిసెంబరు డ్రైవర్‌తో డైరెక్ట్‌ఎక్స్ 9 ఆటల వేగం గణనీయంగా పెరిగింది. 2023 ఫిబ్రవరిలో ఏ750 ధరను 249 డాలర్లకు తగ్గించారు. అమ్మేసిన కార్డును కూడా వదిలేయకుండా విడత విడతకీ మెరుగుపరుస్తూ వచ్చిన ఆ పట్టుదలే ఆర్క్‌ను నిలబెట్టింది. ఏవీ1 వీడియో ఎన్‌కోడింగ్‌ను హార్డ్‌వేర్‌లోనే అందించిన తొలి కార్డులు కూడా ఇవే. వీడియోలు తయారు చేసేవారికి అది పెద్ద మేలు. కోడూరి 2023 మార్చి నెలాఖరులో ఇంటెల్‌ను వీడారు.

రెండో తరం బ్యాటిల్‌మేజ్‌లో తొలి కార్డు బీ580, 2024 డిసెంబరులో 12 జీబీ మెమరీతో 249 డాలర్లకు వచ్చింది. దానికి పోటీ అయిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 విడుదల ధర 299 డాలర్లు, మెమరీ 8 జీబీ. సమీక్షకులు బీ580ని మెచ్చుకున్నారు. అయితే పాత సీపీయూలతో జత చేస్తే దాని వేగం తగ్గుతోందని 2025 ఆరంభంలో పరీక్షల్లో తేలింది. పాత కంప్యూటర్‌లో ఈ కార్డు వేసుకోదలచినవారు తమ సీపీయూ ఏ తరానిదో, మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.