లారెన్స్ ఒలివియర్: వీరగాథ నుంచి విదూషకుడి దాకా

లారెన్స్ ఒలివియర్ 1907లో లండన్‌కు దక్షిణాన ఉన్న డార్కింగ్‌లో ఒక ఆంగ్లికన్ మతాచార్యుడి ఇంట పుట్టాడు. బర్మింగ్‌హామ్ రెపర్టరీ నాటక బృందంలో పని నేర్చుకున్నాడు. 1935లో లండన్ న్యూ థియేటర్‌లో షేక్స్‌పియర్ నాటకంలోని రోమియో, మెర్క్యూషియో పాత్రలను అతడూ మరో నటుడు జాన్ గీల్‌గుడ్ మార్చుకుంటూ వేశారు. పద్యాన్ని నాదంగా పలకడంలో గీల్‌గుడ్‌ది పైచేయి. ఒలివియర్ దాన్ని మాటలా పలికి విమర్శకుల చేత చీవాట్లు తిన్నాడు. ‘వదరింగ్ హైట్స్’ (1939), ‘రెబెక్కా’ (1940) అతణ్ణి హాలీవుడ్ తారను చేశాయి.

యుద్ధకాలంలో కొంతకాలం నౌకాదళ విమాన విభాగంలో పనిచేసి, 1944లో ‘హెన్రీ ది ఫిఫ్త్’ తీశాడు. నాయకుడూ దర్శకుడూ అతడే. యుద్ధ సన్నివేశాలను ఐర్లండ్‌లో చిత్రీకరించారు. షేక్స్‌పియర్ మూల నాటకంలో రాజు మీద సొంతవాళ్లే కుట్ర పన్నే ఘట్టం సినిమాలో లేదు. ప్రాణాలొడ్డి పోరాడుతున్న దేశానికి ఇంటిదొంగల కథ ఎవరు చూపిస్తారు?

లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాల భవనం బాంబులకు దెబ్బతినడంతో అక్కడి బృందం న్యూ థియేటర్‌కు మారింది. 1945లో అక్కడ ఒలివియర్ ఒకే రాత్రి రెండు నాటకాలు ఆడాడు. మొదటిది సోఫోక్లిస్ ‘ఈడిపస్’. నిజం తెలిసిన క్షణాన ఈడిపస్ పెట్టే కేక కోసం, ఉప్పు చల్లిన మంచుకు నాలుక అతుక్కుపోయి వేటగాడికి చిక్కే మూగజీవిని తలచుకునేవాడట. విరామం తర్వాత అదే మనిషి షెరిడన్ ప్రహసనంలో పఫ్ వేషంతో వచ్చి జనాన్ని నవ్వించాడు. 1947లో ‘సర్’ బిరుదు దక్కింది. మరుసటి ఏడు విడుదలైన ‘హామ్లెట్’ ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న తొలి విదేశీ చిత్రమైంది.

1956లో సూయజ్ కాలువ యుద్ధంలో బ్రిటన్ అమెరికా ఒత్తిడికి తలొగ్గి వెనక్కి తగ్గింది. సామ్రాజ్యం ఇక మిగల్లేదని ఇంగ్లిష్‌వాళ్లకు అర్థమైంది అప్పుడే అనవచ్చు. మరుసటి వసంతంలో జాన్ ఆస్బోర్న్ నాటకం ‘ది ఎంటర్‌టైనర్’లో ఆదరణ తగ్గిపోయిన మ్యూజిక్ హాల్ హాస్యగాడు ఆర్చీ రైస్‌గా ఒలివియర్ నిలబడ్డాడు. నాటకంలో ఆర్చీ కొడుకు ఆ సూయజ్ యుద్ధంలోనే చనిపోతాడు. పదమూడేళ్ల కిందట దేశానికి వీరరాజు అయినవాడే ఇప్పుడు దాని పతనానికి ముఖమయ్యాడు. అతని పాత్రలన్నిటిలో ఇదే గొప్పదని చెప్పాలి.

ప్రభుత్వ సాయంతో నేషనల్ థియేటర్ ఉండాలన్న మాట 1848 నుంచీ నలుగుతోంది. చట్టం 1949లో వచ్చింది, బృందం 1963లో ఓల్డ్ విక్‌లో మొదలైంది. తొలి సారథి ఒలివియర్. మరుసటి ఏడు నల్లరంగు పూసుకుని వేసిన ఒథెల్లోకు అప్పట్లో జేజేలు పలికారు, ఈనాటి ప్రేక్షకుడు మాత్రం ఇబ్బంది పడతాడు. 1973లో పదవి వదిలాడు. థేమ్స్ ఒడ్డున కొత్త భవనం తెరిచింది 1976లో. అందులోని పెద్ద వేదికకు అతని పేరే పెట్టారు. అప్పటికే జబ్బు అతణ్ణి రంగస్థలానికి దూరం చేసింది. 1983లో టెలివిజన్ కోసం లియర్ రాజుగా నటించి, 1989లో మరణించాడు.