నిమిషం ఖరీదు

టెలిగ్రాం ఇచ్చిన తరం వాళ్ళకు మాటలు లెక్కపెట్టడం తెలుసు. పదానికింత అని రుసుము. అందుకే "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న నాలుగు మాటలతోనే ఎన్నో ఇళ్ళలో కబుర్లు నడిచాయి. పెళ్ళి శుభాకాంక్షలకు నంబర్లు వేసిన వాక్యాలుండేవి. నంబరు చెబితే చాలు, అవతలి ఊళ్ళో పూర్తి వాక్యం చేతికందేది. 2013 జూలైలో ఆ సేవ ముగిసింది.

1984లో సీ-డాట్ సంస్థ ఏర్పడింది. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని, ఏసీ లేకుండా పనిచేసే 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని అక్కడి ఇంజనీర్లు తయారుచేశారు. ఆ తర్వాతే ఊరూరా ఎస్టీడీ బూత్‌లు వెలిశాయి. బూత్‌లో ఎర్ర అంకెల మీటరు మన కళ్ళెదుటే తిరిగేది. పావు రేటు కోసం రాత్రి పొద్దుపోయేదాకా ఆగి, చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళేవాళ్ళం.

1995 జూలై 31న దేశంలో తొలి మొబైల్ కాల్, అదే ఏడాది ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ వచ్చాయి. 2003 దాకా మనకు వచ్చిన కాల్‌కు కూడా మనమే డబ్బు కట్టేవాళ్ళం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఒక జీబీ డేటా ధర వందల రూపాయల నుంచి పదుల్లోకి దిగింది. నిమిషానికి ఖరీదు దాదాపు లేకుండా పోయింది.

దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా పల్లెటూరి విద్యార్థికి ఉచితంగా అందుతున్నాయి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి రోజూ బిడ్డ ముఖం చూడగలుగుతున్నాడు.

అయితే ఉచితంగా ఇచ్చేవాడికి ఆదాయం ఎక్కడో ఒకచోట రావాలి. అది ప్రకటనల నుంచి వస్తుంది. మనం తెర ముందు ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు. కనుక మీటరు ఆగిపోలేదు, అటువైపు తిరిగిందంతే. ఏ వీడియో దగ్గర పిల్లవాడు ఎన్ని సెకన్లు ఆగాడో అది లెక్కపెడుతోంది, కానీ ఆ లెక్క పిల్లవాడికి కనిపించదు. పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది. వేలితో తోసేకొద్దీ వచ్చే తెరకు ముగింపు లేదు, అలా ఉండేలా తయారుచేశారు.

పంపడానికి ఖర్చు లేకపోవడం సమాజాన్నీ తాకింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకార్లు వాట్సాప్‌లో పాకి, దేశంలో పలుచోట్ల జనం అమాయకుల్ని కొట్టి చంపారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి దాడులు జరిగాయి. ఆ జూలైలో, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా సంస్థ మన దేశంలో కట్టడి పెట్టింది. అంటే, ఒకప్పుడు టెలిగ్రాం రుసుము చేసిన పనిని మళ్ళీ కొంత చేయించాల్సి వచ్చింది.

2020లో బడులు మూతపడినప్పుడు సప్తగిరి, యాదగిరి ఛానళ్ళలో పాఠాలు వచ్చాయి. చాలా ఇళ్ళలో ఉన్నది ఒక్కటే ఫోను. నాన్న పనికి వెళ్తే ఫోనూ వెళ్ళిపోయేది. ఇద్దరు పిల్లలుంటే ఒకరి పాఠమే నడిచేది. చదువు కోసమని ఆ రోజుల్లో చేతికొచ్చిన ఫోను, బడులు తెరిచాక కూడా చాలామంది చేతుల్లోనే ఉండిపోయింది.

ఫోను లాక్కోవడం దీనికి పరిష్కారమని నేననుకోను. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్ళలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం అమలు చేస్తోంది. దాని ఫలితం తేలడానికి కాలం పడుతుంది. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. బడికి ఏదైనా ఇవ్వాలంటే పూర్వ విద్యార్థులకు ముందు తోచేవి కంప్యూటర్లు, ట్యాబ్‌లు. వాటితోపాటు ఆ కనిపించని మీటరు గురించి చెప్పేందుకు వారానికి ఒక పీరియడ్ కూడా ఇద్దాం. ఫోనులోనే ఉండే వాడకం లెక్కను పిల్లలు వారంపాటు నోటుపుస్తకంలో రాసి, సగటు కట్టి, గ్రాఫ్ గీస్తే లెక్కల పాఠమూ అవుతుంది. మన ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు వంతులవారీగా వచ్చి ఆ క్లాసులో కూర్చోవచ్చు. ముందుగా మన ఫోనులోని లెక్క చూపించి మొదలుపెడితే పిల్లలు నమ్ముతారు.