ప్రాసెసరు ముందా, గ్రాఫిక్స్ కార్డు ముందా? – ఒక చిన్న చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నేను భద్రాచల రామదాసు గురించో కాకతీయుల గురించో రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. వాటిమీద నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను ఎంచుకున్నది పింఛనుదారుల ఇళ్ళలో ఇప్పుడు తరచు వచ్చే ప్రశ్న. మనవడికో మనవరాలికో కంప్యూటరు అసెంబుల్ చేయించాలి. ప్రాసెసరు మీద ఎక్కువ పెట్టాలా, గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువ పెట్టాలా? డబ్బు ఇచ్చేది మనమైనప్పుడు విషయం తెలుసుకోవడం మన బాధ్యత కూడా. ఈ రెండింటి చరిత్ర తెలిస్తే జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ముందుగా ఏది ఏ పని చేస్తుందో మన కచేరీ భాషలో మనవి చేస్తాను. జమాబందీ రోజులు గుర్తు చేసుకోండి. సూపరింటెండెంటు గారు ప్రతి ఫైలూ చదివి, ఏ నిబంధన వర్తిస్తుందో చూసి, ఒకదాని తరువాత ఒకటి తేలుస్తారు. పక్క హాలులో పాతికమంది గుమాస్తాలు కూర్చుని తలా ఒక కాలమ్ కూడుతుంటారు. లెక్క సులభమే, కాని అందరూ ఒకేసారి చేస్తారు. ప్రాసెసరు సూపరింటెండెంటు వంటిది. గ్రాఫిక్స్ కార్డు ఆ గుమాస్తాల హాలు. ఒకరి పని ఇంకొకరికి అప్పగిస్తే జమాబందీ తెమలదు.

ఈ చరిత్రలో మన తెలుగువారి పేరు మొదటినుంచీ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. ఆ సంస్థ నుంచి 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు వచ్చింది. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. మన దేశంలోనే రూపొందించి, మన దేశంలోనే తయారుచేసి అమ్మిన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. ఈనాటికీ హైదరాబాదులో ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరుతోనే ఉంది. అయితే అవి బీరువాలంత యంత్రాలు. ఇంటి బల్లమీదికి కంప్యూటరు రావాలంటే ప్రాసెసరు చిన్నది కావలసి వచ్చింది.

ఆ పని అమెరికాలో జరిగింది. 1968లో ఇంటెల్, 1969లో ఎ.ఎం.డి. స్థాపించబడ్డాయి. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 అనే చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. విడుదల చేసిన పి.సి.లో ఇంటెల్ 8088 ఉంది. దానిలో 29 వేల ట్రాన్సిస్టర్లు. ఒకే సరఫరాదారు మీద ఆధారపడరాదని ఐ.బి.ఎం. పట్టుబట్టడంవల్ల 1982లో అదే చిప్పు తయారుచేసే లైసెన్సు ఎ.ఎం.డి.కి దక్కింది. టెండరుకు ఒక్కడే వస్తే ధర ఎలా ఉంటుందో మనకు తెలియనిదా! ఆనాటి ఆ జాగ్రత్త ఫలం కొనేవాళ్ళు నేటికీ అనుభవిస్తున్నారు. 1993 నాటి పెంటియంలో 31 లక్షల ట్రాన్సిస్టర్లు ఉండేవి. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ వేగాన్ని ఎ.ఎం.డి. ముందు అందుకొంది, రెండు రోజులకు ఇంటెల్ అందుకొంది. 2017లో ఎ.ఎం.డి. రైజెన్ చిప్పు ఎనిమిది కోర్లతో, అంటే ఎనిమిదిమంది సూపరింటెండెంట్లతో వచ్చింది. అప్పటిదాకా ఇళ్ళలో వాడే ఇంటెల్ చిప్పుల్లో సాధారణంగా నాలుగే ఉండేవి. ఆ ఏడాదే ఇంటెల్ కూడా ఆరు చేసింది.

ఇక తెర సంగతి. తొలి ఐ.బి.ఎం. పి.సి.లోనూ తెర కోసం వేరే కార్డు ఉండేది. ఒకే రంగు కార్డు 80 వరసలు, 25 పంక్తులు చూపేది. అంటే రెండు వేల అక్షరాలు. ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల గడి. మొత్తం 256 ఆకారాలు కార్డులోనే శాశ్వతంగా అచ్చై ఉండేవి. ఇంగ్లీషుకు అది ఎక్కువే. మన తెలుగుకు? అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిస్తే వందలు దాటి వేలకు పోతుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలోనే మూడు హల్లులు, ఒక అచ్చు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయి. ఆ చిన్న గడిలో అది ఇమడదు.

అందుకు పరిష్కారంగా వచ్చినదే జిస్ట్ కార్డు. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలైన పరిశోధనను, 1988లో ఏర్పడిన సి-డాక్ సంస్థ పూణెలో కొనసాగించి దీన్ని దేశానికి అందించింది. కంప్యూటరు పెట్టె విప్పి ఈ కార్డు దూర్చితే, ఇంగ్లీషుకు మాత్రమే పనికివచ్చే ప్రోగ్రాముల్లోనూ తెలుగు, హిందీ, తమిళం మొదలైన లిపులు తెరమీద కనిపించేవి. నా దృష్టిలో మన తెలుగువారికి మొట్టమొదట అక్కరకు వచ్చిన గ్రాఫిక్స్ కార్డు అదే. ఆటలకోసం కాదు, అక్షరాలకోసం!

తరువాత జరిగినది గమనించదగినది. 1987లో వచ్చిన వి.జి.ఎ. పద్ధతి తెరను 640 అడ్డం, 480 నిలువు, అంటే 3,07,200 చుక్కలుగా చేసింది. ఏ చుక్కనైనా వెలిగించవచ్చు కనుక ఏ అక్షరమైనా గీయవచ్చు. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో పాటు ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు వచ్చింది. అంతటితో ప్రత్యేకమైన కార్డు అవసరం తీరిపోయింది. నిన్న వేరే కార్డు చేసిన పని నేడు మామూలు ప్రాసెసరు, మామూలు తెర చేయసాగాయి. ఈ చరిత్రలో మనకు పనికివచ్చే సూత్రం ఇదే. కార్డు కొత్త పనిని మొదలుపెడుతుంది; కొన్నేళ్ళకు ఆ పని ప్రాసెసరు ఇంటికి చేరుతుంది; కార్డు మరో కొత్త పని వెతుక్కుంటుంది.

అలా వెతుక్కున్న పని ఆటలు. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు, 1999లో ఎన్విడియా వారి జీఫోర్స్ 256 వచ్చాయి. ఇక్కడ మరో గోదావరి మనిషిని తలచుకోవాలి. మన దమ్మపేట నుంచి అశ్వారావుపేట మీదుగా దిగితే వచ్చే కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లోను చదివి, 1996లో ఎస్3 అనే గ్రాఫిక్స్ సంస్థలో చేరారు. తరువాత ఎ.టి.ఐ., ఆపిల్, ఎ.ఎం.డి. సంస్థలలో పనిచేసి, ఎ.ఎం.డి.లో 2015లో రేడియాన్ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2017 నుంచి 2023 వరకు ఇంటెల్‌లో గ్రాఫిక్స్ బాధ్యత చూశారు. సినీ దర్శకులు రాజమౌళి గారికి వరుసకు సోదరులు. ఇప్పుడు ఎ.ఎం.డి., ఎన్విడియా, ఇంటెల్ మూడింటికీ హైదరాబాదులో ఇంజనీర్ల కార్యాలయాలు ఉన్నాయి.

2012లో టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆటలకోసం అమ్మే రెండు ఎన్విడియా కార్డులు తీసుకొని, సుమారు 12 లక్షల ఫొటోలు చూపించి, బొమ్మలను గుర్తుపట్టడం యంత్రానికి నేర్పారు. కృత్రిమ మేధ అని నేడు వింటున్నదానికి అది పెద్ద మలుపు. గుమాస్తాల హాలుకు ఎంత పెద్ద పని దొరికిందో చూడండి.

మరోవైపు 2011లో ఇంటెల్, ఎ.ఎం.డి. రెండూ ప్రాసెసరు చిప్పులోనే గ్రాఫిక్స్ భాగాన్ని కూడా కలిపి ఇళ్ళకు అందించాయి. నేటి మామూలు తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. వాటిని సెకనుకు అరవైసార్లు మార్చి చూపడం, సినిమా ఆడించడం, తెలుగులో ఉత్తరం రాయడం ఇవన్నీ ఆ భాగమే చేసుకుపోతుంది. వేరే కార్డు అక్కరలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఇంటెల్ ప్రాసెసరు నంబరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. ధర కాస్త తక్కువ అని తీసుకొంటే, కార్డు కొనేదాకా తెర నల్లగానే ఉంటుంది.

మా మనవడు ఇంజనీరింగులో చేరినప్పుడు ఈ వివరాలన్నీ పనికివచ్చాయి. 2008లో రిటైరైన నాకు పదిహేనేళ్ళు నిండి కమ్యూటేషను కోత తీరింది. అలా తిరిగి కలిసిన సొమ్ములోంచే కొనాలి. మా ఇద్దరి నెలవారీ మందులూ దానిలోంచే. ఖమ్మం, విజయవాడ, సికింద్రాబాదు సి.టి.సి. మూడు చోట్ల కొటేషన్లు తెప్పించి, ఆఫీసు అలవాటు ప్రకారం కంపారిటివ్ స్టేట్‌మెంటు గీశాను. మూడింటిలోనూ కార్డు ధర ఒక్కటే ఇంచుమించు మిగతా సామాను మొత్తానికి సమానం. ఒకదానిలో ప్రాసెసరు చివర ఆ ‘ఎఫ్’ ఉంది.

‘‘తాతయ్యా, మా ఫ్రెండ్స్ అందరికీ కార్డు ఉంది’’ అన్నాడు వాడు.

‘‘ఉంటే ఉండనీరా నాయనా. ఈ రెండేళ్ళలో నీ సిలబస్‌లో కార్డు చేయవలసిన పని ఏముందో కాగితం మీద రాసి చూపించు’’ అన్నాను. నిజాయితీగానే రాశాడు. ప్రోగ్రాములు రాయడం, లెక్కలు, డ్రాయింగు. అవన్నీ సూపరింటెండెంటు పనులు. కృత్రిమ మేధ ప్రాజెక్టు మూడో సంవత్సరంలో. అందువల్ల గ్రాఫిక్స్ కలిసి ఉన్న మంచి ప్రాసెసరు, తగినంత మెమొరీ తీసుకొన్నాం. కార్డు పట్టే మదర్ బోర్డు, ఆ తరువాత కార్డు భారాన్ని మోయగల ఎస్.ఎం.పి.ఎస్. ముందే వేయించాం. పెద్ద కార్డులు ఒక్కటే 450 వాట్లు తాగేవి ఉన్నాయి. బోరు మోటార్లు ఆడే వేళ మన ఊళ్ళ వోల్టేజీకి చిన్న యు.పి.ఎస్. దాన్ని మోయలేదు. ప్రాజెక్టు వచ్చిన ఏడాది కార్డు కొనిస్తానని మాట ఇచ్చాను. ఆ మొత్తాన్ని పోస్టాఫీసులో వాడి పేర విడిగా వేశాను.

మిత్రులారా, పిల్లల చదువుకు పెట్టే ఖర్చు దండుగ అని నేను అనను. ఇంట్లో బొమ్మల పని, వీడియో పని, కృత్రిమ మేధ చదువు ఉన్నవారు కార్డు మీద పెట్టవలసిందే; అక్కడ పొదుపు చేస్తే బిడ్డ చదువే కుంటుపడుతుంది. అటువంటి పని లేనివారు ప్రాసెసరు, మెమొరీ చూసుకొంటే చాలు. షాపుకు వెళ్ళేముందు పిల్లలను కూర్చోబెట్టుకొని, చేయవలసిన పనుల జాబితా ముందు, సామాను జాబితా తరువాత రాయించండి. ఇండెంటు లేనిదే కొనుగోలు లేదని ముప్ఫై అయిదేళ్ళు పాటించినవాళ్ళం. ఆ నియమం మన ఇంటికీ వర్తిస్తుంది.