విడాకుల కేసు, మహిళా కమిషన్ ఫిర్యాదు

విడాకుల కేసు నడుస్తుండగా వేధింపులు, వరకట్నం, భరణం ఎగవేత వంటి కారణాలతో భార్య మహిళా కమిషన్‌ను ఆశ్రయించడం తెలుగు రాష్ట్రాల్లో తరచుగా జరుగుతుంది. కమిషన్ ఆమె గోడు వింటుంది, అధికారులను కదిలిస్తుంది. తీర్పు మాత్రం చెప్పదు. ఈ తేడా తెలియకపోతే ఆమె కాలమూ ఓపికా వృథా అవుతాయి.

నేపథ్యం

కుటుంబ తగాదాలకు వేరే కోర్టులు ఉండాలని ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లి, అక్కడి కుటుంబ కోర్టులను చూసి వచ్చాక గట్టిగా వాదించారు. ఆమె 1981లో కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం ఆ తర్వాత 1984లో వచ్చింది. జాతీయ మహిళా కమిషన్ 1992 జనవరి 31న ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో తన కమిషన్ చట్టం చేసుకుంది. రాష్ట్ర విభజన తర్వాత ఏర్పడిన తెలంగాణ కమిషన్ కార్యాలయం సికింద్రాబాద్ బుద్ధభవన్‌లో ఉంది.

అధికారాలు, హద్దులు

విచారణ సమయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న కొన్ని అధికారాలుంటాయి: సమన్లు పంపవచ్చు, ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవచ్చు, పత్రాలు రప్పించవచ్చు. విడాకులు, భరణం, పిల్లల సంరక్షణ తేల్చేది కోర్టే. ఒడిశా మహిళా కమిషన్‌పై భవానీ ప్రసాద్ జెనా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2010లో ఈ సంగతే స్పష్టం చేసింది: కమిషన్ న్యాయస్థానం కాదు, డి.ఎన్.ఎ. పరీక్షకు ఆదేశించే అధికారం దానికి లేదు. కోర్టులో ఉన్న వివాదాన్ని జాతీయ కమిషన్ సాధారణంగా విచారణకు తీసుకోదు. అందుకే పోలీసులు కేసు నమోదు చేయకపోవడం వంటి ఫిర్యాదును విడాకుల వివాదంతో కలపకుండా విడిగా రాయడం మేలు.

తార్నాక, ఉస్మానియా క్యాంపస్ పరిధిలో

హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్ హాస్టల్లో ఉండే పరిశోధక విద్యార్థినికి, పక్కనే ఉన్న తార్నాకలో అద్దెకుండే ఉద్యోగినికి మొదట వచ్చే సందేహం ‘కేసు ఎక్కడ వేయాలి’ అన్నదే. పెళ్లి ఏ ఊళ్లో జరిగినా, హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం భార్య తాను ఉంటున్న ప్రాంతపు కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు. గృహహింస చట్టం (2005) కింద తాత్కాలిక నివాసం ఉన్నా చాలు. యూనివర్సిటీ అంతర్గత ఫిర్యాదుల కమిటీ పని వేరు: 2015 యూజీసీ నిబంధనల ప్రకారం అది క్యాంపస్‌లోని లైంగిక వేధింపులను విచారిస్తుంది. కాపురం తగాదాను అది తేల్చదు. భర్త అదే క్యాంపస్‌లో పనిచేస్తూ అక్కడే లైంగికంగా వేధిస్తే మాత్రం ఆ కమిటీ తలుపు తట్టవచ్చు.

ఇరుపక్షాలు పాటించవలసినవి

కమిషన్‌కు ఇచ్చే ఫిర్యాదులో కోర్టు కేసు నంబరు, తదుపరి వాయిదా, అప్పటికే ఉన్న ఉత్తర్వులు దాచకుండా రాయాలి. కోర్టులో చెప్పినదీ కమిషన్ ముందు చెప్పినదీ ఒక్కటే కావాలి. రెండు చోట్ల రెండు మాటలు చెబితే నిజమైన బాధకు కూడా విలువ తగ్గుతుంది. వేర్వేరు చట్టాల కింద భరణం అడిగినప్పుడు పాత ఉత్తర్వులను వెల్లడించాలని సుప్రీంకోర్టు 2020లో రజనేశ్–నేహా కేసులో చెప్పింది.

సమన్లు అందుకున్న భర్త గైర్హాజరు కాకూడదు. కోర్టు పత్రాల నకళ్లు జతచేసి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. కమిషన్ జరిపే కౌన్సెలింగ్‌లో పత్రాలను చదవకుండా ఎవరూ సంతకం పెట్టరాదు.

కమిషన్ వద్ద రాజీ కుదిరినంత మాత్రాన వివాహం రద్దు కాదు. రాజీ షరతులను కోర్టు ముందుంచాలి. పరస్పర అంగీకార విడాకులకు దంపతులు ఏడాదిగా విడిగా ఉండాలి. పిటిషన్ తర్వాత ఉండే ఆరు నెలల గడువును తగిన కారణాలుంటే కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు పేర్కొంది.

తక్షణ సహాయం

ప్రాణభయం ఉన్నప్పుడు కమిషన్ వాయిదా కోసం ఎదురుచూడరాదు. 181 మహిళా హెల్ప్‌లైన్, సఖి కేంద్రాలు, 2016లో హైదరాబాద్‌లో మొదలైన భరోసా కేంద్రం అందుకే ఉన్నాయి. ముందు ఆమె క్షేమంగా ఉండాలి; ఫిర్యాదులూ పిటిషన్లూ ఆ తర్వాతే.