హౌస్‌వైఫ్ అన్న మాట



కిందటి నెల మా కోడలు బ్యాంకులో ఖాతా తెరవడానికి వెళుతూ నన్ను తోడు తీసుకువెళ్ళింది. కాగితం నింపుతూ 'వృత్తి' అన్న గడి దగ్గర ఆగిపోయింది. కౌంటరులోని అబ్బాయి తలెత్తకుండానే "హౌస్‌వైఫ్ అని రాసేయండి మేడమ్" అన్నాడు. రాసేసింది. ఇంటికొచ్చాక మాత్రం "అత్తయ్యా, ఆ మాట రాస్తుంటే ఏదో తప్పు ఒప్పుకున్నట్టు అనిపించింది. ఎందుకంటారు?" అని అడిగింది. అప్పటికి ఏమీ చెప్పలేకపోయాను. తరువాత నిఘంటువులు తిరగేస్తే తెలిసింది, ఆ మాట పుట్టి దాదాపు ఎనిమిది వందల ఏళ్ళయిందని, దాని కథ చిన్నది కాదని.

ముందు వైఫ్ సంగతి చూద్దాం. పాత ఇంగ్లీషులో దీన్ని 'వీఫ్' అని పలికేవారు. భార్య అనే కాదు, పెళ్ళయినా కాకపోయినా స్త్రీ అని అర్థం. మిడ్‌వైఫ్ అంటే ఎవరి భార్యా కాదు కదా! 'మిడ్' అంటే ఆ రోజుల్లో 'తోడు'. కాన్పు సమయంలో తోడుండే స్త్రీ అన్నమాట. చేపలమ్మే ఆమె ఫిష్‌వైఫ్. వుమన్ అన్న మాట కూడా ఈ వీఫ్‌కు 'మన్' చేరి వచ్చిందే. అప్పట్లో 'మన్' అంటే మనిషి, మగవాడని మాత్రమే కాదు. కాబట్టి 13వ శతాబ్దంలో హౌస్‌వైఫ్ అంటే ఇంటిని నడిపే స్త్రీ. వెన్న తీయడం, నూలు వడకడం, ఇంటిల్లిపాదీ తాగే బార్లీ పానీయం కాయడం, పనివాళ్ళను చూసుకోవడం, అన్నీ ఆమె చేతి మీదే. మన ఇల్లాలు కూడా 'ఇల్లు', 'ఆలు' కలిసి అయిన మాటే కదా.

ఇక ఉచ్చారణ. ఇల్లు అప్పట్లో 'హూస్'. 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఇంగ్లీషువాళ్ళు దీర్ఘాలు పలికే తీరే మారిపోయింది. హూస్ హౌస్ అయింది, మూస్ మౌస్ అయింది, వీఫ్ వైఫ్ అయింది. కాని రెండు మాటలు అతుక్కున్నచోట నాలుక తొందరపడుతుంది. మనం పెద్దనాన్నను పెదనాన్న చేసుకోలేదూ? అలాగే వాళ్ళ హూస్‌వీఫ్ దీర్ఘాలు పోయి 'హజిఫ్' అయింది. దీర్ఘమే లేదు కనుక ఆ మార్పు దానికి తగల్లేదు. అది ఇంకా అరిగి, 16వ శతాబ్దం నాటికి 'హస్సీ' అయింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. హస్సీ అంటే మొదట ఇంటి యజమానురాలే. కొన్నాళ్ళకు పల్లెటూరి మోటు ఆడది అయింది. తరువాత గడుసుపిల్ల. చివరికి నోటితో అనరాని తిట్టు! ఇంకోవైపు చదువుకున్నవాళ్ళు హౌస్‌ను, వైఫ్‌ను మళ్ళీ శుభ్రంగా పక్కపక్కన పేర్చి పలకడం మొదలుపెట్టారు. ఆ విధంగా ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకతె మర్యాదస్తురాలు, ఇంకొకతె వీధినపడ్డది.

వాళ్ళను తప్పుపట్టే ముందు మన 'సాని' మాట చూసుకోవాలి. స్వామిని అన్న సంస్కృత పదం నుంచి వచ్చింది, యజమానురాలని అర్థం. దొరసానిలో గౌరవం మిగిలింది, మంత్రసానిలో పనితనం మిగిలింది. ఒంటరిగా నిలబడితే మాత్రం ఆ మాటకు ఏ గతి పట్టిందో మీకు తెలుసు.

మరి మగవాడి మాటకు ఏమయింది? హస్బెండ్‌లోని 'హస్' కూడా ఆ హూసే, అలాగే హ్రస్వమైంది. నోర్సు భాష నుంచి వచ్చిన ఆ మాటకు ఇంటిగలవాడని అర్థం. దానికి మచ్చ పడకపోగా, హస్బెండ్రీ అంటే సేద్యం, పొదుపు అని మంచి అర్థాలే వచ్చాయి. మన పశుసంవర్ధక శాఖ ఇంగ్లీషు బోర్డు మీద ఉండేది ఆ మాటే!

హజిఫ్ పూర్తిగా చచ్చిపోలేదు. 18వ శతాబ్దంలో సూదులు, దారాలు, బొత్తాలు పెట్టుకునే చిన్న గుడ్డ సంచికి ఆ పేరు పెట్టారు. నవలాకారిణి జేన్ ఆస్టెన్ 1792లో ఒక స్నేహితురాలికి అలాంటిది స్వయంగా కుట్టి ఇచ్చింది. ఆమె 'ఎమ్మా' నవలలో ఒక ఉత్తరం కనిపించకుండా పోయేది ఈ సంచి కిందనే. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ బ్రిటిష్ సిపాయిల సామానులో ఇది ఉండేది. అంటే ఇల్లాలు వెంట లేకపోయినా ఆమె పేరు పెట్టుకున్న సంచి వెంట ఉండేది, కుట్టుకోవడం మాత్రం వాళ్ళే కుట్టుకున్నారు.

మాటలదేముంది అనుకోకండి. మన దేశంలో 1994 నుంచి 2018 దాకా మోటారు ప్రమాదాల పరిహారం లెక్కగట్టే పట్టికలో, సంపాదన లేని భార్య చనిపోతే ఆమె విలువ భర్త ఆదాయంలో మూడోవంతుగా ఉండేది. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసే స్త్రీలను పనిచేయనివారి జాబితాలో, బిచ్చగాళ్ళ సరసన, ఖైదీల సరసన చేర్చారు. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. 2019 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 2021 నాటి తీర్పులో కోర్టు ఈ లెక్కలను ఎత్తిచూపింది. 2023లో న్యాయమూర్తుల కోసం వేసిన కరదీపికలో హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ అని రాయమన్నారు. మంచిదే. కాని నన్నడిగితే, పేరు మార్చడం కన్నా ఆ మూడోవంతు లాంటి లెక్కలను ప్రశ్నించడమే పెద్దపని.

ఇదంతా మా కోడలికి చెప్పాను. హజిఫ్ అన్న మాట విని పడీపడీ నవ్వింది. ఆ సాయంత్రం మావాడు చొక్కా పట్టుకొచ్చి బొత్తాం ఊడిందన్నాడు. "హజిఫ్ అలమరలో ఉంది, పై అరలో. సిపాయిలు కూడా కుట్టుకునేవారట, మీరూ కుట్టుకోండి" అనడం వంటింట్లోకి వినిపించింది.