తెరచిన రొమ్ము వెనుక

చిన్నప్పుడు మా బడిలో, తరగతి గోడమీద ఒక పటం ఉండేది. తుపాకీ ఎత్తిన సిపాయి, అతనికి ఎదురుగా చొక్కా తెరచి రొమ్ము చూపుతున్న టంగుటూరి ప్రకాశం పంతులుగారు. "ధైర్యమంటే ఇదిరా" అనేవారు మా తెలుగు మాస్టారు. ధైర్యమన్నది తుపాకీ ఎదురైనప్పుడు మాత్రమే కావలసిన వస్తువని నాకు ఆనాడే ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మా వీధిలోకి తుపాకీ వచ్చే అవకాశం లేదు కనుక నిశ్చింతగా పెరిగి పెద్దవాడినయ్యాను.

కొన్నేళ్ళ క్రితం ఆ నిశ్చింత చెడింది. మా వీధి మురుగుకాలువ గురించి రాసిన అర్జీ మీద సంతకం పెట్టమని పక్కింటి పెద్దాయన వచ్చారు. "ఇంకా ఎవరెవరు పెట్టారండీ?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "మీరే మొదలు బాబూ" అన్నారు. రేపు పెడతానని పంపేశాను. ఆ వారంలోనే, మనసు కుదుటపడక, పంతులుగారి ఆత్మకథ 'నా జీవిత యాత్ర'ను మళ్ళీ చేతికి తీసుకున్నాను. ఈసారి నేను వెతికినది ఆ పటంలోని దృశ్యాన్ని కాదు, దానికి ముందూ వెనుకా ఉన్న జీవితాన్ని.

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళకే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడాన్ని చిన్నతనంగా చూసే రోజులవి. శ్రమకు సిగ్గుపడనవసరం లేదన్న పాఠాన్ని ఆయన ఏ గ్రంథంలోనూ చదివి నేర్చుకోలేదు; తల్లి వంటయింటిలో చూశారు. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ కుర్రవాడిని చేరదీసి, తనతో రాజమండ్రికి తీసుకువెళ్ళి చదువు చెప్పించారు. నాటకాల్లో వేషాలు కట్టిన ఆ కుర్రవాడే సెకండ్ గ్రేడ్ ప్లీడరై, రాజమండ్రిలో పేరూ డబ్బూ సంపాదించాడు.

మన పటాలలో కనిపించని ఘట్టం ఇక్కడ ఒకటి ఉంది. ప్రకాశంగారు దేశనాయకుడు కావడానికి చాలా ముందే రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షుడయ్యారు. వీధులు, దీపాలు, నీళ్ళు, పన్నులు: పురపాలక సంఘమంటే ఇవే. వీటి మీద ఎవరూ పాటలు కట్టరు. అయినా ఆయన ప్రజాజీవితం మొదలైనది అక్కడే. పౌరధర్మమన్నది గడప దాటగానే మొదలవుతుందని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం నాకు తోచదు.

సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు పై కోర్టులలో వాదించే అర్హత లేదు. అందుకని 1904లో, ముప్పయి దాటిన వయసులో, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు చదివి 1907లో తిరిగివచ్చారు. ఆ రోజుల్లో బిపిన్ చంద్ర పాల్ మద్రాసులో ఉపన్యసించినప్పుడు, ప్రభుత్వానికి జంకి అధ్యక్షత వహించడానికి ఇతరులు వెనుకాడగా, ఆ కుర్చీలో కూర్చున్నది ప్రకాశంగారే. కొత్తగా ప్రాక్టీసు పెట్టుకున్న బారిస్టరుకు అదేమంత తెలివైన పని కాదు. అయినా ప్రాక్టీసు పెరిగింది, సంపద వచ్చింది.

1921లో ఆ ప్రాక్టీసును వదిలివేశారు. అదే ఏడాది అక్టోబరులో 'స్వరాజ్య' పత్రికను స్థాపించారు. సంపాదించినదంతా దానికి ధారపోశారు. పత్రిక పేరు తెచ్చుకుంది, డబ్బు తేలేదు. అక్కడ పనిచేసినవారికి జీతాలు సరిగా అందని రోజులెన్నో. త్యాగం ఆయనొక్కరిదే కాదు, వారిది కూడా. ఈ మాట విడిచిపెడితే చరిత్రకు అన్యాయం చేసినట్లే.

ఇక ఆ పటం సంగతి. 1928 ఫిబ్రవరి 3. ఒక్క భారతీయునికైనా చోటివ్వని, ఏడుగురు సభ్యుల సైమన్ కమిషన్ ఆ రోజు దిగినది మద్రాసులో కాదు, బొంబాయిలో. అయినా దేశమంతటా హర్తాళ్ జరిగింది. మద్రాసు హైకోర్టు సమీపంలో పోలీసులు కాల్పులు జరపగా ఒక మనిషి మరణించాడు. ఆ శవాన్ని చూడడానికి వెళ్తున్న ప్రకాశంగారిని సిపాయి అడ్డగించాడు. అప్పుడు తెరచిన రొమ్ము అది. ఏదో సవాలు విసరడానికి వెళ్ళి చేసిన పని కాదు. చనిపోయిన తోటి మనిషి దగ్గరకు వెళ్ళడం తన విధి అనుకున్నారు, ఆ దారిలో తుపాకీ అడ్డు వచ్చింది. అప్పటికే ప్రాక్టీసునూ ఆస్తినీ వదులుకున్న మనిషికి మిగిలినది ప్రాణమొక్కటే.

చదవగా చదవగా నాకు అర్థమైనది ఇదీ: పంతులుగారి జీవితంలో శ్రమ, ధైర్యం, పౌరధర్మం మూడు వేరువేరు గుణాలు కావు. శ్రమ పోగుచేస్తుంది. ధర్మం అడుగుతుంది. అడిగినప్పుడు పోగుచేసినదాన్ని వదలగలగడమే ధైర్యం.

అయితే ఆయనను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. 1946 ఏప్రిల్ చివర మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయిన ఆయన ప్రభుత్వమే, 1947 జనవరిలో విచారణ లేకుండా నిర్బంధించే ఆర్డినెన్సును తెచ్చింది. 'ప్రకాశం ఆర్డినెన్సు' పేరుతోనే కమ్యూనిస్టులు దానిని గుర్తుపెట్టుకున్నారు. తుపాకీకి ఎదురు నిలిచిన మనిషి, అధికారం చేతికి వచ్చినప్పుడు ఎదుటివారి ధైర్యాన్ని సహించలేకపోయారా? శాంతిభద్రతల అవసరమని సమర్థించేవారు ఉన్నారు. నాకు ఆ సమాధానం చాలదు. ఎదిరించే ధైర్యం వేరు, ఎదిరింపును భరించే ధైర్యం వేరు. రెండవదే కష్టం కాబోలు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఎనభైయొక్కేళ్ళ వయసులో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో, మద్యనిషేధం వ్యవహారంలో, ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. పదవి పోయినా తిరుగుడు మానలేదు. ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకు వెళ్ళినప్పుడు వడదెబ్బ తగిలి, 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు ఆస్తి అనదగినది మిగలలేదు. ఎనభైనాలుగేళ్ళ మనిషి, ఏ పదవీ లేకుండా, నడివేసవిలో ఆ వాడకు ఎందుకు వెళ్ళాలి? ఎవరూ పటం గీయని ఆ నడకే నన్ను ఇప్పుడు ఎక్కువగా వెంటాడుతోంది.

మా మురుగుకాలువ అర్జీ మీద నా సంతకం చివరికి పడింది. పక్కింటి పెద్దాయన ఏమీ అనకుండా కాగితం చాచి, వేలితో ఖాళీ చోటు చూపించారు. నాది పదకొండవది. పైన, మొదటి వరుసలో, వణుకుతున్న అక్షరాలతో ఆయన పేరు ఉంది.